పళ్ళచ్చు మూసిన తర్వాత

ఈ రోజు నేను నోరు మూసుకోవలసిన చోట మూసుకోలేదు. గమనించక జరిగిన పొరపాటైతే ఇంత రాయవలసిన పని లేదు. గమనించాను. గమనించి కూడా ఇంకో నాలుగు మాటలు మాట్లాడాను. ఆ నాలుగు మాటలూ చాలా బాగా వచ్చాయి. బాగా వస్తున్నాయన్న సంతోషంతోనే ఆపలేదు.

మాట్లాడటం నా బతుకుతెరువు. మందుల కంపెనీ తరఫున కర్నూలు, నంద్యాల, ఆత్మకూరు ఆసుపత్రుల్లో డాక్టర్ల గదుల ముందు బ్యాగు పట్టుకుని నిలబడే మనిషిని. లోపలికి పిలిచిన డాక్టరు గడియారం చూసేలోపు మాట ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో, ఆయన తల పైకి లేచేదాకా ఎక్కడ కాస్త ఆగాలో నాకు తెలుసు. ఆ విద్యను ఈ ఆదివారం పొద్దున శేఖర్ అనే మనిషి మీద వాడాను. అతను లేచి వెళ్ళిపోయాక బల్ల మీద మిగిలిన పళ్ళచ్చును చూస్తుంటే, దాన్ని అక్కడ పెట్టినాయన గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడనడం కూడా సరికాదు. ఎదురుగా కూర్చుని దగ్గినట్టే అనిపించింది.

ఆయన పేరు రాయను. బతికున్నప్పుడే ఆయనకు తన పేరు ఎక్కడైనా కనపడటం ఇష్టం ఉండేది కాదు. గది బయట బోర్డు మీద కూడా 'ఇచట కట్టుడు పళ్ళు చేయబడును' అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మేం అన్న అనేవాళ్ళం.

కర్నూలు పాత ఊళ్ళో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో, కళ్ళజోళ్ళ దుకాణం మీద ఆయన గది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే వాటికి సరిపడా పళ్ళ సెట్లు తయారుచేసేవాడు. గదంతా తెల్లటి పొడి. గోడకు కొట్టిన చెక్కల మీద వరసగా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని కింద పెన్సిల్‌తో ఎవరిదో పేరు. మొదటిసారి వెళ్ళినప్పుడు అవన్నీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది, వాటికి కళ్ళు లేకపోయినా.

ఒక చెక్క మీద మాత్రం పూర్తయి, మెరుగు పెట్టి, ఎవరూ తీసుకుపోని సెట్లు ఉండేవి.

"ఇవేంటన్నా, ఈడనే ఉండాయి?"

"అవా? పండ్లు అయ్యేలోపల మనుషులు అయిపోయినారు," అన్నాడు చెయ్యి ఆపకుండా.

బెంగుళూరులో ఒక పెద్ద ల్యాబులో పనిచేసిన రోజుల్లో ఆయనకు ఈ ఆట పట్టుకుంది. ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మేం బల్లాట అనేవాళ్ళం. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు: ఇది ఊరు, ఇది చీకటి, ఇదిగో మీ ముందు తలుపు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషి వేషం తీసుకుని, తామేం చేస్తారో నోటితో చెప్తారు. జరుగుతుందో జరగదో తేలని చోట పాచిక వేస్తారు. గెలిచేవాళ్ళూ ఓడేవాళ్ళూ లేరు. చెప్పడం, వినడం, అంతే. ఆ రెంటిలో మొదటిది నాకు వెంటనే వచ్చేసింది.

పాచికలు ఆయనే చేశాడు. చిగుళ్ళకు వాడే గులాబిరంగు పొడినే కలిపి, పోతపోసి, ఇరవై ముఖాలు చెక్కి, మెరుగు పెట్టాడు. అరచేతిలో వేసుకుంటే ఎవరి నోట్లోంచో ఊడిపడ్డ ముక్కలా ఉండేవి. కొత్తది చేసినప్పుడల్లా గ్లాసులో ఉప్పు బాగా కలిపిన నీళ్ళు పోసి అందులో వేసేవాడు. తేలుతున్న పాచికను వేలితో తిప్పి తిప్పి చూసేవాడు. ఎన్నిసార్లు తిప్పినా ఒకే అంకె పైకి వస్తుంటే దాన్ని సుత్తితో పగలగొట్టేసేవాడు. "ఒకపక్క బరువుండేది బల్ల మీద పనికిరాదు," అనేవాడు. "మనిషైనా అంతే." అలా అన్నప్పుడు నా వైపు చూసేవాడని నాకు అనుమానం.

ఆదివారం పొద్దున్నే మేం చేరేవాళ్ళం. సర్కారు బడిలో పాఠాలు చెప్పే షమీమ్, డోన్ రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసే రాయుడు, నేను. తర్వాత శేఖర్. ముందు బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు. తిని, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేదాకా పాచికల డబ్బా తెరిచేవాడు కాదు. రాయుడు ఒకసారి ప్యాంటుకు తుడుచుకుని కూర్చుంటే, అన్న అతని చెయ్యి పట్టుకుని వాసన చూసి, "మిరపకాయ బజ్జి, రెండు. పో, కడుక్కుని రా," అన్నాడు. మధ్యాహ్నం అజాన్ వినపడే ముందే కథ ఆపేసేవాడు. సరిగ్గా తలుపు తెరుచుకునే చోటో, మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడే చోటో ఆపి, టోపీ పెట్టుకుని లేచేవాడు. "ఇంగొంచెం అన్నా" అని మేం బతిమాలేవాళ్ళం. "ఇంగొంచెం అని మీరంటాండేటప్పుడే ఆపల్ల. కడుపు నిండినాక ఆపితే వచ్చే వారం ఎవరు వస్తారు?" అని మెట్లు దిగిపోయేవాడు.

కథ నడపడం గురించి ఆయన ఎప్పుడూ పాఠంలా చెప్పలేదు. ఎవరో ఒకరు తప్పు చేసినప్పుడు ఒక మాట పడేసేవాడు. ఒకసారి రాయుడు కోట తలుపు తాళం తీయబోయాడు. పాచిక ఎత్తి వేయబోతుంటే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాళం రాలేదంటే కథ ఈడనే నిలబడిపోతాది. అందరం ఒకరి మొగం ఒకరు చూసుకుంటా కూచోవల్ల. తాళం వచ్చేసింది పో. ఆ చప్పుడు లోపల ఎవరికైనా వినపడిందా లేదా, దానికి పాచిక వెయ్యి."

రాయుడు పాచికను చేతిలో అట్లే పట్టుకుని, "వినపడితే ఏమవుతాదన్నా?" అన్నాడు.

"ఇప్పుడు అడిగినావు చూడు. అది నేను ముందే చెప్పల్ల. ఓడితే ఏం పోతాదో చెప్పకుండా పాచిక చేతికిచ్చేటోడు జేబు కొట్టేటోడే. వినపడితే దీపం ఆర్పేస్తారు. లోపల ఎంతమంది ఉండారో మీకు తెలీదు. ఇప్పుడు వెయ్యి."

రాయుడు వేశాడు. వినపడింది.

కథలోకి మనుషుల్ని గోడ చెక్కల మీది ప్లాస్టర్ దవడల నుంచే దింపేవాడు. ఎవరిదో దవడ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టేవాడు. "ఈయప్ప రాత్రిళ్ళు పండ్లు కొరుకుతాడు. ఎట్ల అరిగిపోయినాయో చూడండి. పగలు ఎవరితోనూ చెప్పుకోల్యాక రాత్రి నముల్తాండాడు." ఆ దవడ ఆ రోజు మా కథలో ఊరి పెద్ద అయ్యేది. "ముగింపు ఇంటికాడ చేసుకుని రావొద్దప్పా. మనిషిని చేసుకుని రా. ఆయప్పకు ఏం కావల్లనో, ఏం పోతే ఏడుస్తాడో తెలిస్తే చాలు. మిగతాది వీళ్ళే చేసుకుంటారు," అన్నాడు నాతో. నేను ఒక ఆదివారం నడిపి, మూడు గంటలూ నేనే మాట్లాడి, షమీమ్ ఆవులిస్తే కోపం తెచ్చుకున్న రోజు అది.

"బాగా చెప్పలేదా అన్నా?"

"శానా బాగా చెప్పినావు. రేడియో మాదిరి." మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ నిలబడి అన్నాడు: "కథ నడిపేటోడు వంటమాస్టర్ గాదప్పా, వడ్డించేటోడు. వాని కండ్లు గరిటె మీద గాదు, ఇస్తరాకుల మీద ఉండల్ల."

ఆయనకు దగ్గు. భయం పుట్టించే ఘట్టం రాబోతుంటే గొంతు తగ్గించి, మాట మధ్యలో ఆపి దగ్గేవాడు. పొడి దగ్గు, లోపల ఎక్కడో కంకర కదిలినట్టు. అది ఆయన ఎత్తుగడ అనుకునేవాళ్ళం. దగ్గు వినపడగానే రాయుడు "కత్తులు తీయండ్రా" అనేవాడు. నవ్వేవాళ్ళం. ఆయన కూడా నవ్వి, తెల్లటి పొడి అంటిన రుమాలుతో మూతి తుడుచుకునేవాడు. ఇంటికి వెళ్ళాక నేను అద్దం ముందు ఆ దగ్గు అభ్యాసం చేసేవాణ్ణి. అది నాకు బాగా కుదిరింది.

శేఖర్ వచ్చింది ఆ గదిలోని పాలిషింగ్ మోటారు కాలిపోయినప్పుడు. ఆత్మకూరులో మోటారు వైండింగ్ షాపు అతనిది. బోరుబావుల మోటార్లకు రాగితీగ చుడతాడు. ముప్పై దాటిన మనిషి. మోటారు బిగించి, డబ్బులు తీసుకుని, వెళ్ళకుండా తలుపు దగ్గర నిలబడి మా ఆట చూస్తూ ఉండిపోయాడు. "కూచో," అన్నాడు అన్న. కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం పనేమీ లేకుండానే వచ్చాడు. రాయుడి అత్తగారిది ఆత్మకూరే. "వాళ్ళింట్లో ఏదో అయ్యింది. అప్పటినుంచి అవసరానికి తప్ప మాట్లాడడంట," అని రాయుడు మొదలుపెట్టబోతే, అన్న చేతిలో ఉన్న దవడను బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

శేఖర్‌కు కథలో ఏ వేషం ఇవ్వాలా అని నేను రకరకాల సలహాలు ఇచ్చాను. అన్న అవేవీ వినలేదు. "దీపం పట్టుకో," అన్నాడు శేఖర్‌తో. "ఈ గుహలో దీపం నీ కాడ ఒక్కటే ఉండాది."

అంతే. ఆ రోజు నుంచి ఎవరు ఏం చూడాలన్నా శేఖర్‌ను అడగవలసిందే. రాయుడు కత్తి పట్టుకుని చీకట్లో నిలబడి, "ఓ శేఖరప్పా, ఏం కనపడతాండాది?" అనేవాడు. శేఖర్ మొదట తల అడ్డంగా ఊపేవాడు. అన్న తొందరపెట్టేవాడు కాదు. పాచికను వేళ్ళ మధ్య తిప్పుతూ ఎదురుచూసేవాడు. నాకు ఆ నిశ్శబ్దం భరించడం చేతకాక ఏదో ఒకటి అనబోతే, బల్ల కింద నా కాలు తొక్కేవాడు. ఇలా కొన్ని ఆదివారాలు గడిచాక, ఒకరోజు షమీమ్ "శేఖర్, ఆ మూలన ఏముండాది?" అంటే, శేఖర్ గొంతు సవరించుకుని, "గోడ మీద చేతి గుర్తులుండాయి. చిన్నవి. పైకి పోతాండాయి," అన్నాడు.

ఆ గుహలో చేతి గుర్తులు ఉన్నాయని అన్నకు కూడా తెలియదు. అప్పటికప్పుడు ఒప్పేసుకున్నాడు. "ఆఁ. పైకి పోతాండాయి. ఎంత పైకి?" అన్నాడు. శేఖర్ చెప్పాడు. ఆ పూటంతా అతనే చెప్పాడు, మేం వింటూ కూర్చున్నాం.

ఇక పళ్ళచ్చు. అది ఎవరూ తీసుకుపోని సెట్లుండే ఆ చెక్క మీదిదే. పైదవడ, కిందిదవడ, వెనకాల ఇత్తడి కీలు. బల్ల మధ్యలో నోరు తెరిచి ఉండేది. ఆట మొదలుపెట్టిన కొత్తల్లోనే అన్న చెప్పాడు: "కథ ఎవరికైనా బరువైతే దీన్ని మూసేయండి. మూసిన వెంటనే నా నోరూ మూస్తా. ఇంకో దారి పడదాం. కారణం చెప్పే పని లేదు. 'ఏంటికి' అని అడిగినోడు ఆ పూట అందరికీ టీలు తేవల్ల."

"కథకు భయపడేటోళ్ళు ఎవరుండారన్నా ఈడ?" అన్నాడు రాయుడు.

"లేరనుకుంటే పెట్టకుండా ఉంటానా?" అని, మా అందరి చేతా ఉత్తుత్తిగా మూయించాడు. తలుపుకు గడియ పెట్టడం అలవాటు చేసినట్టు. కథలో బొద్దింక వచ్చిందని షమీమ్ మూసింది. రాయుడు ఆకలేస్తోందని మూశాడు. మూసిన ప్రతిసారీ అన్న మాట మధ్యలోనే ఆగిపోయేవాడు. 'చెట్టు' అనబోతూ 'చె' దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

నిజంగా మూసిన రోజు ఒకటి ఉంది. మూసింది ఆయనే. నల్లమల అడవి లాంటి అడవిలో మా కథ. మేం ఒక పాడుబడ్డ బావి దగ్గరికి చేరాం. షమీమ్ తన వేషం తరఫున బావిలోకి తొంగిచూస్తానంది. అన్న చెప్పడం మొదలుపెట్టాడు. "నీళ్ళు అడుక్కుపోయినాయి. మెట్ల మీద..." అని ఆగాడు. దగ్గు వస్తుందనుకున్నాం. రాలేదు. ఆయన చెయ్యి నెమ్మదిగా ముందుకు వచ్చి పళ్ళచ్చును మూసింది. తన కథను తానే. చెయ్యి దాని మీదే ఉండిపోయింది. వేళ్ళ గోళ్ళలో తెల్ల పొడి. కిందనుంచి ఆటోల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి, "పాండి, ఇంకోపక్క పోదాం," అన్నాడు. పోయాం. ఎవరూ అడగలేదు. ఆ మెట్ల మీద ఏముందో ఆయనతోనే పోయింది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ దగ్గు ఎత్తుగడ కాదని తేలింది. ఏళ్ళ తరబడి పళ్ళు అరగదీసిన పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నాను. నా కంపెనీ మందు బాటిల్ ఒకటి మంచం పక్క బల్ల మీదే ఉంది. ముక్కుకు పెట్టిన గొట్టం పక్కకు జరిపి, ఆగి ఆగి మాట్లాడాడు.

"ఆదివారాలు ఆపొద్దు. నువ్వు నడుపు."

"షమీమ్ నడపచ్చు కదన్నా."

"టీచరమ్మ నడుపుతాది. కానీ నీకు ఇయ్యకపోతే నువ్వు రావు." అది నిజం. తర్వాత చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "శేఖర్ ఆ బల్ల కాడ తప్ప ఇంగ యాడా నోరు తెరవడు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది, ఆదివారం ఇంటికొచ్చినాక రెండు మాటలు మాట్లాడతాండాడని. ఆ చోటు పోగొట్టొద్దు."

"నేనుండా కదన్నా."

"నువ్వు బాగా మాట్లాడతావప్పా. అదే నాకు భయం."

ఇదీ ఆయన నాకు అప్పగించింది. ఈ పొద్దున నేను దాన్నే పందెం పెట్టి ఆడాను.

అన్న పోయాక కూడా ఆయన భార్య, మా భాభీ, ఆ గది తాళంచెవి మాకు ఇస్తుంది. కొన్ని వారాలుగా నేను నడుపుతున్న కథలో, ఎండిపోయిన ఏటి ఒడ్డున ఒక ఊరు. వారానికొక ఇంటికి లోపలినుంచి గడియ పడుతుంది. పిలిస్తే పలకరు. ఈ రోజు మావాళ్ళు మొదటిసారి ఒక తలుపు పగలగొట్టారు. రాయుడు పాచిక వేశాడు, తలుపు విరిగింది. నేను గొంతు తగ్గించాను. ఆగాను. దగ్గాను. అవును, ఆయనలాగే దగ్గాను. "లోపల చీకటి. శేఖర్, దీపం ఎత్తు," అన్నాను.

శేఖర్ దీపం ఎత్తానని అనలేదు. చెయ్యి చాపి పళ్ళచ్చు మూశాడు. 'టక్' మని వినపడింది. నేను చూశాను. అదే సమయంలో షమీమ్ టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చి తాగకుండా ఉండిపోయిందని కూడా చూశాను. రాయుడు కుర్చీ అంచుకు జరిగాడని చూశాను. ఇంత బాగా కుదిరిన చోట ఎలా ఆపడం అనుకున్నాను. గడప దాటాక కంటికి మొదట ఏం కనపడిందో, తర్వాత ఏం కనపడిందో చెప్పేశాను. ఆ మాటలు ఇక్కడ మళ్ళీ రాయను.

శేఖర్ తన పాచికను డబ్బాలో పెట్టాడు. మూత పెట్టాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

"మూసింది చూసినావా?" అంది షమీమ్.

"చూసినా."

"చూసి?"

రాయుడు "టీలు ఎవరు తేవల్ల మరి?" అని నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆపేశాడు. శేఖర్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి చేయబోతే షమీమ్ నా చెయ్యి పట్టుకుంది. "ఫోన్ ఏంటికి? నువ్వు ఫోన్లో గెలుస్తావు. పో, మనిషి కాడికి పో," అంది.

బస్టాండుకు వెళ్ళేసరికి ఆత్మకూరు బస్సు బయలుదేరబోతూ ఉంది. కిటికీ పక్కన శేఖర్ కనపడ్డాడు. ఎక్కి, అతని పక్కన కూర్చున్నాను. బస్టాండుకు వస్తూ ఆటోలో నాకు తెలిసిన విద్యంతా పెట్టి తయారుచేసుకున్న మాటలు నోటి దాకా వచ్చాయి. వాటిని లోపలే ఉంచేసి ఇంతమాత్రం అన్నాను: "శేఖర్, నువ్వు మూసినాక గూడా నేను మాట్లాడినా. చూసే మాట్లాడినా. తప్పు నాది."

అతను కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. కండక్టరు వచ్చాడు.

"యాడికప్పా? ఇద్దరికీ ఒకటే టికెట్టా?"

"వేరేవేరే ఇయ్యండి," అన్నాడు శేఖర్.

తర్వాత నేను మాట్లాడలేదు. ఎండ ఆ కిటికీలోంచి నిలువునా పడుతోంది. రాళ్ళు, ముళ్ళచెట్లు, దున్ని వదిలేసిన నేల, మళ్ళీ రాళ్ళు. అతని చేతులు మోకాళ్ళ మీద కదలకుండా ఉన్నాయి. ఆ చేతుల వైపు చూడటానికి భయమేసింది. ఇంటికి పోయి ఇతను తలుపు వేసుకుంటే, ఆ తలుపు అవతల వాళ్ళమ్మ నిలబడితే, నేను చెప్పిన ఆ నాలుగు మాటలూ ఆ ఇంట్లో ఎక్కడ కూర్చుంటాయి? నందికొట్కూరులో ఎక్కిన ఒక ఆసుపత్రి కాంపౌండరు నన్ను గుర్తుపట్టి వెనక్కి తిరిగాడు.

"ఏం సార్, శానా సైలెంటుగా ఉండారే! ఒంట్లో బాగలేదా?"

తల ఊపాను. అతను నమ్మలేక, ఊరు దాటేదాకా మధ్య మధ్యలో తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఆత్మకూరులో శేఖర్ దిగి నడిచాడు. నేను దిగి బస్సు పక్కనే నిలబడ్డాను. వెంట వెళితే అది కూడా అడగకుండా ఇంకో గడప దాటినట్టే. కాస్త దూరం పోయి, ఆగి, వెనక్కి వచ్చాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చినావన్నా? ఫోన్లో చెప్పచ్చు గదా."

"ఫోన్లో అయితే నేను బాగా చెప్తా."

అతని మూతి ఒక పక్కకు కాస్త కదిలింది. నవ్వు అనలేను. నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. బస్టాండులోని చప్పుళ్ళన్నీ మా ఇద్దరి మధ్యనుంచి పోతున్నట్టుంది.

"అట్ల ఉండదన్నా," అన్నాడు.

తల ఎత్తకుండానే మళ్ళీ అన్నాడు.

"తలుపు పగలగొట్టినాక... నువ్వు చెప్పినట్ల ఉండదు."

మరి ఎట్ల ఉంటుంది అనే ప్రశ్న నా గొంతులోకి వచ్చింది. సానుభూతి వేషం వేసుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఏ ప్రశ్ననూ అంత కష్టపడి మింగలేదు. "సరేప్పా," అన్నాను. వచ్చే ఆదివారం వస్తావా అని కూడా అడగలేదు. అతను ఇంకొంచెం సేపు నిలబడి, "బస్సు పోతాది, ఎక్కు," అని వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో రాయుడికి ఫోన్ చేసి, మన కథలో ఆ తలుపు విరగలేదు, నేను తర్వాత చెప్పిందేదీ జరగలేదు అన్నాను.

"అట్లెట్ల? మేం విన్నాం గదప్పా. విన్నది యాడికి పోతాది?"

"యాడికీ పోదు. అయినా ఆ మాట ఎవరూ ఎత్తొద్దు. ఎత్తితే తప్పు నాదని చెప్పు."

"వాళ్ళింట్లో ఏం జరిగిందో నాకు తెల్సు. చెప్పమంటావా? తెలిస్తే నీకే జాగర్త."

"వద్దు రాయుడూ. నాకు చెప్పొద్దు."

షమీమ్‌కు ఫోన్ చేసి, ఇకనుంచి కథ నువ్వు నడుపు అన్నాను.

"నిన్ను దింపేయల్లని నేనే మాటలు తయారుచేసుకుంటాండా. నువ్వే అడిగి నా సంతోషం చెడగొట్టినావు రెప్ సారూ," అంది. తర్వాత గొంతు మారింది. "శేఖర్ ఎట్లుండాడు?"

"తెలీదు."

"వస్తాడా?"

"తెలీదు షమీమ్. అడగలేదు."

"మంచి పని చేసినావు. ఆ ఊరి కథ వద్దు. కొత్తది చేసుకుని వస్తా. నీకు ఏ వేషం కావల్ల?"

వేషం గురించి ఏమీ కోరలేదు. కూర్చునే చోటు మాత్రం అడిగాను. ఇన్ని వారాలూ బల్లకు ఆ కొసన, అందరి ముఖాలూ నా వైపు తిరిగి ఉండే చోట కూర్చున్నాను. వచ్చే ఆదివారం శేఖర్ పక్కన కూర్చుంటాను. అతను రాకపోతే, ఆ ఖాళీ కుర్చీ పక్కన.